కుండ జామీను

సక్రిని ట్రాక్టరు తొట్టిలోకి ఎక్కిస్తుంటే వెనకే లాలు కూడా కాలు పెట్టాడు. మేస్త్రీ దూలయ్య ఆ కాలు పట్టుకుని కిందికి లాగాడు.

“నువ్వేడికిరా? ఒకరు పోతే ఒకరుండాలె. కొత్తగ వచ్చినవా క్యాంపుకు?”

“నొప్పులు పడుతున్నది మేస్త్రీ. తొలిసూరు. దవాఖాన్ల దానికి ఎవరున్నరు?”

“ముసల్దాన్ని పంపుతున్న గదా తోడు. నువ్వు పోయి తొక్క తియ్యి.”

ముసల్దంటే విశ్రాంతమ్మ. అప్పటికే తొట్టిలో కూర్చుని సక్రి తలను ఒళ్ళో పెట్టుకుంది. ఆమె మొగుడు జకర్యా కింద నిలబడి చూస్తున్నాడు. క్యాంపంతా నిలబడి చూస్తోంది. అందరి చేతుల్లోనూ కొడవళ్ళున్నాయి, ఒక్కరి నోట్లోనూ మాట లేదు. ట్రాక్టరు వెళ్ళిపోయింది. లాలు కాసేపు ఆ దుమ్ములోనే ఉండి, తర్వాత వెళ్ళి మొద్దు ముందు కూర్చున్నాడు.

ఇల్లందు దాటి భద్రాచలం వైపు అడవి మొదలయ్యే చోట ఆ జామాయిల్ తోట ఉంది. చెట్టు కొట్టాక పచ్చి మీదే తొక్క ఒలవాలి. రెండు రోజులు ఎండిందా, తొక్క మొద్దును కరుచుకుపోయి కొడవలికి లొంగదు. అందుకే కాంట్రాక్టరుకు మనుషులు ఎప్పుడూ అక్కడే పడి ఉండాలి. నీలం పట్టాలు కప్పిన గుడిసెల్లో ఒక పక్క మధిర దిక్కు నుంచి వచ్చిన క్రైస్తవుల కుటుంబాలు, ఇంకో పక్క ఇల్లందు తండాల నుంచి వచ్చిన లంబాడీలు. మధ్యలో కాంట్రాక్టరు షాలేమ్‌రాజు వేయించిన ప్రార్థన షెడ్డు.

చదువుకునే తమ్ముళ్ళు ఇక్కడ అడుగుతారు, గోడ లేదు, తాళం లేదు, ఎవడికీ ఏమీ బాకీ లేరు, లేచి పోవచ్చు గదా అని. తమ్ముళ్ళూ, గోడలు కట్టేది తెలివి తక్కువ దొరలు. షాలేమ్‌రాజు పెట్టింది కుండ జామీను. పెళ్ళికి పో, చావుకి పో, సంతకు పో, దవాఖానాకు పో, నీ గుడిసెలో ఒకరు ఉండాలి, పొయ్యి మీద కుండ ఉండాలి. సాయంత్రం పూట దూలయ్య పొగ చూసుకుంటూ తిరుగుతాడు. ఏ గుడిసె అయినా మొత్తానికి మొత్తం లేచిపోతే, దాని పనంతా అటు పక్కవాళ్ళూ ఇటు పక్కవాళ్ళూ చెయ్యాలి. ఇక కాపలావాడెందుకు? పక్క గుడిసెవాడే కాపలావాడు. అన్నం తింటూ కూడా పక్కింటి పొగ వైపు ఓ కన్ను వేసి ఉంచేవాళ్ళు. ఇది చాలదన్నట్టు, పనిలోకి వచ్చిన మొదటి రోజే ప్రమాణం. క్రైస్తవులు బైబిలు మీద చెయ్యి పెట్టి, లంబాడీలు సేవాలాల్ పేరు మీద, పని అయ్యేదాకా కదలమని ఒట్టు వేశారు. ఒట్టు తప్పితే పాపం.

ట్రాక్టరు వాగు ఇసుకలో దిగబడింది. దవాఖానా చేరకముందే కాన్పయింది. విశ్రాంతమ్మ తన చీర కొంగు చించి బిడ్డను చుట్టింది, వీపు తట్టింది, నోట్లో ఊదింది. బిడ్డ ఏడవలేదు. తిరిగి తెచ్చేసరికి లాలు ఇంకా తొక్క తీస్తూనే ఉన్నాడు. కొడవలి కింద పెట్టి, బిడ్డను తీసుకుని, తోట చివరన అడవి మొదట్లో గుంట తవ్వి పాతిపెట్టాడు. మర్నాడు పొద్దున సక్రి మొద్దు ముందు కూర్చుని ఉంది. కూర్చోకపోతే పక్కవాళ్ళ మీద పడుతుందని ఆమే వచ్చి కూర్చుంది.

జకర్యా సంగతి ఇప్పుడే చెప్పాలి. ఆయన ఎవర్నీ నమ్మడు. మజ్జిగ కూడా ఊదుకుని తాగే రకం. డాక్టరు మాత్ర ఇస్తే అటూ ఇటూ తిప్పి వాసన చూస్తాడు. బస్సెక్కితే బోర్డు చదివించుకుని, మళ్ళీ కండక్టరును అడిగి, మళ్ళీ పక్కవాణ్ణి అడుగుతాడు. జీవితంలో ఒక్కసారి నమ్మి చెడ్డాడు, అది షాలేమ్‌రాజును. మధిర దగ్గర ఒకే వాడలో పుట్టినవాడు, ఒకే గుడికి పోయినవాడు. తొక్క తీసే చేత్తోనే మేస్త్రీ అయ్యాడు, మేస్త్రీ నుంచి కాంట్రాక్టరయ్యాడు. మనోడు పైకొచ్చాడని వాడంతా సంబరపడింది. మనోడి కింద పనయితే కడుపులో చల్ల కదలకుండా ఉంటుందని జకర్యా పెళ్ళాన్ని తీసుకుని బయల్దేరాడు. తన్నే కాలు మనోడిదైతే నొప్పి ఏమీ తగ్గదని ఇక్కడికొచ్చాక తెలిసింది.

ఆదివారం షాలేమ్‌రాజు జీపులో పాస్టరు జయరాజ్ వచ్చాడు. పేదవాడు, చొక్కా కాలరు తిరగేసి కుట్టించుకున్నవాడు. ఆయన కంఠం మాత్రం ఖంగుమంటుంది.

“ప్రియులారా, ఐగుప్తు అనగా ఏమి? పాపపు జీవితము. ఫరో అనగా ఎవడు? సాతాను. బానిసత్వమనగా చేతులకు కాదు, హృదయమునకు! దేవుడు ఇశ్రాయేలును విడిపించినట్టు ఈ దినమున నిన్ను నీ పాపమునుండి విడిపింప గోరుచున్నాడు.”

ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న షాలేమ్‌రాజు అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నాడు. ప్రసంగం అయ్యాక ప్రార్థన మనవులు. కష్టాలున్నవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళి అయ్యగారి చెవిలో చెప్పుకుంటారు, ఆయన తల మీద చెయ్యి పెట్టి వింటాడు. విశ్రాంతమ్మ ఏ ఆదివారమూ తప్పదు. ఆ వేళ చాలాసేపు చెప్పింది. జకర్యా అడిగితే, “నీకెందుకు, దేవుడికీ నాకూ” అంది.

మర్నాడు మొద్దుల దగ్గర లాలు అడిగాడు.

“అవ్వా, షెడ్డు బయట కూసొని నేను గూడ ఇన్న. ఫరో రాజు కాడ ఇటుకలు చేసేటోళ్ళ కత. మీ దేవుడు ఆళ్ళను ఇడిపించింది పాపం నుంచా, ఇటుకల నుంచా?”

విశ్రాంతమ్మ మొద్దు తిప్పుకుంది. జకర్యా చెప్పాడు. ఆయనకు వాక్యం మీద కూడా అనుమానమే గనుక చిన్నప్పటి నుంచీ చదివించుకుని మరీ విన్నాడు.

“ఇటుకల నుంచే. అయ్యగారు చెప్పనిది ఇంకోటుంది. ఫరో ఒక్కసారిగా పంపలేదు. ముందు, మగాళ్ళు పొండి, పిల్లలుంటారు అన్నాడు. తర్వాత, పిల్లల్ని తీసుకుపొండి, గొడ్లుంటాయి అన్నాడు. ఏదో ఒకటి తన దగ్గర అట్టిపెట్టుకోవాలని వాడి ఎత్తు. వాళ్ళను నడిపించే మోషే ఒప్పుకోలా. గొడ్డు డెక్క కూడా ఒక్కటి మిగలదన్నాడు.”

లాలు చేతిలో కొడవలి ఆగిపోయింది.

“అంటే ఆడ గూడ కుండ జామీనే?”

అంతే. ఆ మాట మొద్దు నుంచి మొద్దుకు పాకింది. ఒక గుడిసె లేచిపోతే పక్కవాళ్ళకు దెబ్బ. అన్ని గుడిసెలూ ఒకేసారి లేచిపోతే? పక్కవాడంటూ ఎవడూ మిగలడు. ఇంత చిన్న లెక్క ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు తట్టలేదంటే, ఒకడి మొహం ఒకడు చూసుకున్నది అనుమానంతోనే గానీ ఆలోచనతో కాదు.

ఆదివారం దాటాక వచ్చే సంత రోజు పోదామనుకున్నారు. కుండలు తట్టల్లో పెట్టి పైన ఆకులు కప్పాలి. కొందరు ముందు, కొందరు వెనక, పొలాల బాటన రోడ్డెక్కి బస్సు ఆగేచోట కలవాలి. జకర్యా అందరి చేతా మళ్ళీ మళ్ళీ అనిపించాడు, బయటికి పొక్కనివ్వమని. పిల్లలకు చెప్పొద్దన్నాడు. ముసలాళ్ళకు బయల్దేరేటప్పుడే చెప్పమన్నాడు. ఆయన జాగ్రత్తకు జనం నవ్వుకున్నారు కూడా.

సంత రోజు బాట రోడ్డును కలిసే చోట దూలయ్య ఉన్నాడు. అతని వెంట కర్రలు పట్టుకున్న మనుషులున్నారు. సరిగ్గా ఆ బాటకే, సరిగ్గా ఆ వేళకే వచ్చి కూర్చున్నారు. తట్టలు తన్నితే కుండలు దొర్లాయి. జకర్యా మోకాటి చిప్ప కింద కర్ర పడింది, నేల మీద కూలబడ్డాడు. లంబాడీల్లో కుర్రవాడు కోటేష్ నోరు పగిలింది. అందర్నీ గొడ్లను తోలినట్టు వెనక్కి తోలారు. క్యాంపులో షాలేమ్‌రాజు జీపు దిగి, అందరూ చూస్తుండగా లాలు భుజం మీద చెయ్యి వేశాడు.

“నువ్వు మంచోనివిరా లాలూ. రేపటి సంది నువ్వు తొక్క తియ్యకు. నీళ్ళ డ్రమ్ముల కాడ కూసో.”

లాలు మీద ఒక్క దెబ్బ పడలేదు. ఆ సంగతి జకర్యా చూశాడు. మోకాలి నొప్పి కంటే అదే ఎక్కువ సలిపింది.

మర్నాడు మధ్యాహ్నం మేస్త్రీ భోజనానికి పోయినప్పుడు మొద్దుల గుట్ట వెనక అందరూ చేరారు. మీటింగంటే మీటింగు కాదు, కొట్లాట.

“మనలో ఎవరో చెప్పారు. లేకపోతే బాటెట్టా తెలుసు? వేళెట్టా తెలుసు?” జకర్యా కర్ర ఊతంతో లేచాడు. “దెబ్బ పడనిది ఎవరికి? నీళ్ళ డ్రమ్ముల కాడ ఉద్యోగం ఎవరికొచ్చింది?”

“పేరు చెప్పి మాట్లాడు ముసలోడా,” కోటేష్ వాచిన నోటితోనే అరిచాడు. “ప్రార్థన చేసేది మీరు, కాంట్రాక్టరు మీ కులపోడు, మీ గుడోడు, చెప్పింది మేమా?”

“లాలూ! ఆడు నీ భుజం మీద చెయ్యి ఊరికే వేశాడా?”

లాలు నెమ్మదిగా ముందుకొచ్చాడు.

“జకర్యన్నా, నా బిడ్డను ఈ అడివిల పాతిపెట్టిన. ఆన్కి నేను చెప్తనా?”

వెనక నుంచి సక్రి లేచింది. కాన్పు తర్వాత ఆమె నలుగురిలో నోరు విప్పడం అదే మొదలు.

“నా పాలింక ఎండలే. రైక తడిసిపోతున్నది. గుడ్డ పిండుకొని పనిల కూసుంటున్న. మేము చెప్తమా తాతా? గిట్ల అడుగుతరా మనుషులు?”

జకర్యా తల తిప్పుకున్నాడు గానీ మాట వెనక్కి తీసుకోలేదు. లంబాడీలు లేచి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం నుంచే నీళ్ళ డ్రమ్ములు వేరయ్యాయి. ఇటువాళ్ళ మొద్దుకు అటువాళ్ళు చెయ్యి వెయ్యరు, అటువాళ్ళ మొద్దు జారినా ఇటువాళ్ళు పట్టరు. ఒంటరిగా ఎత్తలేక నడుములు విరుగుతున్నా సరే. షాలేమ్‌రాజు ఒక్క దెబ్బా కొట్టకుండా లాలును వదిలి సంపాదించింది ఇది. కర్ర కంటే భుజం మీద చెయ్యి ఎక్కువ పని చేస్తుందని వాడికి బాగా తెలుసు.

ఆదివారం అలాగే అంటీముట్టనట్టు గడిచింది. ఆ వారం నడుమ ఒక పొద్దున షాలేమ్‌రాజు మంచి హుషారు మీద ఉన్నాడు. మొద్దుల మధ్య నడుచుకుంటూ వచ్చి విశ్రాంతమ్మ దగ్గర ఆగాడు. వాడికి ఆమె వరసకు అత్త అవుతుంది.

“ఏమత్తా, ఆ పసిగుడ్డు ఇంకా కల్లోకి వస్తున్నదా? మనసుల పెట్టుకోకు. అంతా దేవుని చిత్తం.”

“అట్టాగే నాయనా,” అంది విశ్రాంతమ్మ. వాడు వెళ్ళిపోయాడు.

జకర్యా కొడవలి దించాడు.

“కలేంది?”

“ఏం లేదులే.”

“కలేందే విశ్రాంతం?”

ఆమె కళ్ళు తుడుచుకుంది. “ఆ బిడ్డ ఏడుస్తున్నట్టు వస్తది. నిద్ర పట్టట్లా. నీకు చెపితే నువ్వూ పడుకోవని చెప్పలా.”

“మరెవరికి చెప్పినవ్?”

“అయ్యగారికే. ప్రార్థన మనవి ఇచ్చా.”

జకర్యా మోకాలి నొప్పి మరిచి లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు.

“సంత సంగతి?”

విశ్రాంతమ్మ మొహం పాలిపోయింది. “బాటలో క్షేమంగా ఉంచమని... పొలాల బాటన పోతున్నాం, దాటించమని... దేవుడికి చెప్పానయ్యా! మనిషికి చెప్పలా, దేవుడికి చెప్పా!”

శుక్రవారం ఉపవాస ప్రార్థనకు పాస్టరు రాగానే ఇద్దరూ వెళ్ళి నిలదీశారు. ఆయనకు దాచడం తెలియదు.

“అవునమ్మా. రాజుగారింట సాయంత్రం కుటుంబ ప్రార్థన ఉంటుంది గదా. భోజనం కూడా అక్కడే. మీ మనవులన్నీ పేరు పేరునా ఎత్తి ప్రార్థిస్తాను. ఒక్కటి కూడా మరువను.” ఆ మాట కొంచెం గర్వంగానే అన్నాడు. “రాజుగారు కూడా కళ్ళు మూసుకుని ఎంతో శ్రద్ధగా...”

అక్కడ ఆగిపోయాడు. అరచేతులు చూసుకున్నాడు. ఉపవాసం వల్లనో దేనివల్లనో ఆయన మొహం నల్లబడింది. మోసం చేసినవాడి మొహం కాదది, వాడుకోబడ్డవాడిది. ఆ తేడా జకర్యాకు కనిపించింది, అయినా కోపం పోలేదు.

కుంటుకుంటూ సరాసరి లంబాడీల గుడిసెల వైపు నడిచాడు జకర్యా. నీళ్ళ డ్రమ్ముల దగ్గర లాలు కూర్చుని ఉన్నాడు, చుట్టూ ఆడవాళ్ళు బిందెలు నింపుకుంటున్నారు. జకర్యా అందరూ వినేటట్టు చెప్పాడు.

“లాలూ, తప్పు మాటన్నా. చెప్పింది నువ్వు కాదు. నా ఇంట్లో నుంచే పోయింది.” జరిగింది జరిగినట్టు చెప్పేశాడు.

లాలు ఆయన్ని ఎగాదిగా చూశాడు.

“ఇంత నమ్మనోనివి, దేవుణ్ణెట్ల నమ్మినవే జకర్యన్నా?”

కోటేష్ నవ్వాపుకోలేక పగిలిన పెదవి పట్టుకున్నాడు. సక్రి కూడా మొహం పక్కకు తిప్పుకుని నవ్వింది. డ్రమ్ములు మళ్ళీ కలిశాయి.

ఆ మధ్యాహ్నమే గుట్ట వెనక మళ్ళీ చేరారు. జకర్యా దగ్గర ఉపాయం ఉంది.

“వాడి చెవి ఎక్కడుందో తెలిసింది. ఇప్పుడు మనమే వాడి చెవిలో పువ్వు పెడదాం. సోమవారం వాగు బాటన పోతున్నామని విశ్రాంతం అయ్యగారికి మనవి ఇస్తది. వాళ్ళు వాగు కాడ కాస్తుంటారు. మనం ఇటు నుంచి పోదాం.”

“అవ్, గట్లనే జేద్దాం,” అన్నారు చాలామంది.

“నేను ఇవ్వను,” అంది విశ్రాంతమ్మ.

“ఏందే?”

“దేవుడి దగ్గర అబద్ధం ఆడను. కొట్టినా ఆడను.”

“అవ్వా, ఆడు మనల్ని కొట్టిండు. అబద్ధం ఆడితే ఏమైతది?” అన్నాడు కోటేష్.

“కొట్టినోడి కోసం నేను నా నోరు పాడు చేసుకోను.” విశ్రాంతమ్మ లేచి నిలబడింది. ఆమె ఎప్పుడూ మీటింగుల్లో మాట్లాడదు. పాటలు పాడమంటే పాడుతుంది. “పాపం, పాపం అని అయ్యగారు వారం వారం చెప్తన్నాడు. మన పాపం ఏందో నాకు ఆ వాగులో కనపడ్డది. సక్రిని ఒక్కదాన్ని ట్రాక్టరెక్కిస్తుంటే మనమంతా ఏం చేశాం? కొడవళ్ళు పట్టుకుని చూశాం. మన పని మీద పడుద్దని చూశాం. పక్కింటి పొగ ఆరుద్దేమో అని రోజూ చూశాం. అది పాపం. ఈ క్యాంపులో మనం చేసిన పాపం అదొక్కటే. వాడి ముందు మాట తప్పటం పాపం కాదు. ఆ చూసిన పాపం నుంచి విడుదల కావాలంటే దొంగచాటుగా పోతే రాదు. దాక్కుని పోయామంటే ఇంకా భయపడతన్నట్టే. నేను ఆదివారం వాడి మొహం మీదే మనవి చెప్తా. అందరం కలిసి, పట్టపగలు, చెప్పి పోదాం.”

“చెప్పి పోతే ఆపడా?” అంది ఒకామె.

సక్రి జవాబిచ్చింది. “చెప్పకుంట పోతే ఆపలే? ఒక్కొక్కల్ని ఆపుతడు. అందర్ని ఆపనియ్యి, చూద్దం.”

జకర్యా ఆ పూట చాలా అనుమానాలు చెప్పాడు. పోలీసులొస్తే? ఎవరన్నా చివర్లో వెనక్కి తగ్గితే? ఇవి మంచి అనుమానాలే, వాటికి జవాబులు వెతికారు. పిల్లల్ని మధ్యలో నడిపించాలి. ఎవర్నీ వెనక వదలకూడదు. ఎవరు ఏ ఆశ పెట్టినా విడివిడిగా మాట్లాడకూడదు. అనుమానం పనికిరానిది కాదు తమ్ముళ్ళూ, ఎటు తిప్పాలో తెలిస్తే.

ఆదివారం షెడ్డులో లంబాడీలు కూడా వచ్చి నిలబడ్డారు. షాలేమ్‌రాజు మొహం వెలిగిపోయింది.

“రండి, రండి. రక్షణ అందరికీ! దూలయ్యా, పట్టాలు పరుచు.”

జయరాజ్ ఆ వేళ ప్రసంగం సరిగా చెప్పలేకపోయాడు. ఐగుప్తు అని మొదలుపెట్టి ఆగాడు. నీళ్ళు తాగాడు. చివరికి, మనవులుంటే చెప్పండి అన్నాడు నేల చూస్తూ.

విశ్రాంతమ్మ ఆయన చెవి దగ్గరికి పోలేదు. ఉన్నచోటే లేచి నిలబడింది.

“అయ్యగారూ, నా మనవి అందరూ వినేదే. ప్రార్థన కాంగానే మేమంతా పోతన్నాం. ఆడా మగా, పిల్లా జెల్లా, అటు గుడిసెలూ ఇటు గుడిసెలూ. ఒక్క కుండా మిగలదు. క్షేమంగా చేర్చమని ప్రార్థన చెయ్యండి.”

షాలేమ్‌రాజు కుర్చీలోంచి లేచాడు. మొదట నవ్వాడు. “అత్తా, బైబిలు మీద ప్రమాణం చేసినవు. మాట తప్పుడు ఎంత పాపమో అయ్యగారిని అడుగు. ఆత్మ నశించిపోతది.”

“ఒరే షాలేమూ,” అంది విశ్రాంతమ్మ. “మీ నాయనా నేనూ ఒకే మడిలో నాట్లేశాం. నీకు జొరమొస్తే నేనెత్తుకు తిరిగా. నాకు పాపం నువ్వు చెప్తావురా? ఒక బిడ్డను వాగులో చంపి, నా ప్రార్థనను దొంగిలించి, నా కలను కూడా నోట్లో వేసుకు నమిలావు. మా పాపం మేం వదిలించుకుంటన్నాం. నీది నువ్వు చూసుకో.”

“అయ్యగారూ!” షాలేమ్‌రాజు పాస్టరు వైపు తిరిగాడు. “మీరు చెప్పుండ్రి వీళ్ళకు. ఊకుంటరేంది?”

జయరాజ్ ఇటు చూశాడు, అటు చూశాడు. ఈ పూట భోజనం, జీపు, చొక్కా, అన్నీ ఆ కుర్చీ పక్కనే ఉన్నాయి. జకర్యా ఆయన్ని కళ్ళార్పకుండా చూస్తున్నాడు, జారుతాడనే అనుకుంటున్నాడు. పాస్టరు కళ్ళు మూసుకున్నాడు. అందరికీ వినబడేటట్టు, “ప్రభువా, నీ ప్రజలు ఈ దినమున బయలుదేరుచున్నారు. వారి చిన్నపిల్లలను జ్ఞాపకము చేసుకొనుము. బాటలో వారిని అడ్డగించు చేతిని ఆపుము,” అన్నాడు.

ఆమేన్ అని షెడ్డంతా అంది. ఆమేన్ అంటే ఏంటో తెలియని లంబాడీలు కూడా అన్నారు.

షాలేమ్‌రాజు దిబ్బ వైపు పరిగెత్తాడు. అక్కడెక్కితే గానీ వాడి సెల్లుకు సిగ్నలందదు. ఈలోగా పొయ్యిల మీద నీళ్ళు పడ్డాయి. కుండలు తలకెత్తారు. దూలయ్య కర్ర పట్టుకుని దారికి అడ్డంగా నిలబడ్డాడు గానీ, అతనికి ఒక్కొక్కణ్ణి ఆపడమే అలవాటు. ఎవర్ని ఆపాలో తెలియక కర్ర అటూ ఇటూ తిప్పాడు. సక్రి నేరుగా అతని ముందుకొచ్చి నిలబడింది. ఆమెను చూసి అతను కళ్ళు దించుకున్నాడు. జనం అతనికి రెండు పక్కలా వాగు నీళ్ళలా పారుకుంటూ వెళ్ళిపోయారు.

తారు రోడ్డు ఎక్కగానే పోలీసు జీపులు ఎదురొచ్చాయి. ఎస్సై దిగుతూనే అడిగాడు.

“ఏ దళం చెప్పింది మీకు? అన్నలెవరు మీలో?”

“మాకెవరూ చెప్పలేదు సారూ, పని మానుకుని ఇంటికి పోతన్నాం,” అన్నాడు జకర్యా.

“చేతిల ఏంది?”

“కర్ర. మోకాలు విరగ్గొట్టారు గదా.”

“జామాయిల్ కర్ర! దొంగతనం కేసు. నువ్వెక్కు. లాలు ఎవడు? నువ్వా? ఎక్కు. మిగిలినోళ్ళు ఎవరిళ్ళకు వాళ్ళు పోవచ్చు. అడ్డం లేదు.”

అడ్డం లేదన్న మాట వినగానే కొందరి కాళ్ళు ఇళ్ళ వైపు లాగాయి. అబద్ధమెందుకు, లాగాయి. బస్సు కూడా అప్పుడే వచ్చి ఆగింది. తలుపు తీసి ఉంది. సక్రి కుండ దించి రోడ్డు మీద పెట్టింది.

“ఇద్దర్ని ఈడ అట్టిపెట్టి మేము పోవుడేంది? ఇంతసేపు మేము నడిసింది దేనికి? సారూ, తీస్కపోతే అందర్ని తీస్కపో.”

ఒక్కరూ బస్సెక్కలేదు. జీపు ముందు నడిచింది, జనం వెనక నడిచారు. పిల్లలు మధ్యలో ఉన్నారు. స్టేషను చేరేసరికి ఎండ తిరిగింది. ఆవరణలో అందరూ కూర్చున్నారు. మూడు రాళ్ళు పెట్టి ఒకామె పొయ్యి కూడా వెలిగించింది. ఎస్సై వద్దని అరిచాడు, ఆమె గంజి కాచుకుంటూనే ఉంది.

ఇంతలో అడవి వైపు నుంచి ఇంకో గుంపు వస్తూ కనబడింది. తనను కూర్చోబెట్టిన గది కిటికీ ఊచల్లోంచి జకర్యా చూశాడు. షాలేమ్‌రాజు మనుషులు, ఇక అయిపోయిందనుకున్నాడు. దగ్గరికొచ్చాక కుండలు కనపడ్డాయి. అవతలి తోటలో ఇంకో కాంట్రాక్టరు క్యాంపు వాళ్ళు. మధ్యాహ్నం ఆరాధన అక్కడ. జయరాజ్ కాలినడకన అక్కడికి పోయి విశ్రాంతమ్మ మనవిని పేరుతో సహా ఎత్తి ప్రార్థించాడట. వాళ్ళు ఆమేన్ అని, లేచి, పొయ్యిలార్పి రోడ్డెక్కారు, జీపు వెనక పోయిన జనం సంగతి విని ఇటే వచ్చేశారు.

ఎస్సై తలుపు వేశాడు. లాలును వేరే గదిలో పెట్టారు. అక్కడి నుంచి రెండు మూడు సార్లు చప్పుడు వినిపించింది, తర్వాత ఏమీ వినిపించలేదు. ఎస్సై కుర్చీ లాక్కుని జకర్యాకు ఎదురుగా కూర్చున్నాడు. ఈసారి మెత్తగా మాట్లాడాడు.

“చూడు పెద్దాయనా. నువ్వు దేవుడి భక్తుడివి. ఆ లంబాడోడు అంతా చెప్పేసిండు. నీ మీదనే చెప్పిండు. అన్నల దగ్గరికి పోయింది నువ్వేనంట, జనాన్ని రెచ్చగొట్టింది నువ్వేనంట. ఆడు బయటపడ్డడు, నువ్వు ఇరుక్కున్నవ్. ఆడి గురించి నీకు తెల్సింది చెప్పు, సాయంత్రానికి నీ పెండ్లాంతోని ఇంటికి పోతవు.”

పాత పురుగు జకర్యా గుండెలో కదిలింది. అరవై ఏళ్ళ అలవాటు ఒక్క వారంలో పోదు. లాలు చెప్పి ఉంటాడా? కొట్టారు గదా. పెళ్ళాం బయట ఉంది. చెప్పి ఉండొచ్చు. భుజం మీద వేసిన ఆ చెయ్యి కూడా గుర్తొచ్చింది. ఎదురుగా ఉన్న మొహాన్ని తేరిపారజూశాడు. మాత్రను చూసినట్టు, బస్సు బోర్డును చూసినట్టు, అటు నుంచీ ఇటు నుంచీ చూశాడు. బయట రెండు క్యాంపుల ఆడవాళ్ళూ కలిసి పాటెత్తుకున్నారు. ఒకళ్ళ పాట ఒకళ్ళకు రాదు, అయినా పాడుతున్నారు. ఎస్సై చెవి అటే ఉంది, నుదుటి మీద చెమట ఉంది. అబద్ధం ఆడుతున్నది ఈ మొహమేనని జకర్యాకు తేలింది.

జకర్యా నొప్పి కాలు చాపుకుని కుర్చీలో సర్దుకు కూర్చున్నాడు.

“సారూ, కాగితం తియ్యి. లాలు ఏం చెప్పినా నేను ఒప్పుకుంటా. రాసుకో.”